మెత్తటి మెట్ల మీద గట్టి తీగలు

నాలుగైదేళ్లుగా రోజూ వాయిస్తున్న ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి తీసుకుని, తీగలు వదులు చేసి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. మెడ మీద అడ్డంగా దించిన సన్నటి లోహపు మెట్లనే ఫ్రెట్లంటారు. మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీద, సరిగ్గా తీగ ఆనే చోట, గోటితో నొక్కినట్టు గుంటలు కనిపిస్తాయి. సన్నటి తీగల కింద అయితే మరీ స్పష్టంగా ఉంటాయి. ఆ గుంటలో పడిన తీగ జిర్రుమంటుంది. బెండ్ చేయబోతే, అంటే స్వరం పెంచడానికి తీగను పక్కకు లాగబోతే, గుంట అంచుకు తట్టుకుంటుంది.

ఇది వాయించేవాడి తప్పు కాదు. తీగ ఉక్కు, ఫ్రెట్ నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి రవ్వంత కూడా లేదు. 18 శాతం నికెల్, 60 శాతానికి పైగా రాగి, మిగతాది జింకు. చైనా నుంచి వచ్చే ఒక తెల్లటి మిశ్రలోహాన్ని చూసి 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో దీన్ని తయారుచేశారు. చెంచాలకు, పళ్లేలకు వెండి బదులు వాడారు. మెరుస్తుంది, ఎర్రగా తుప్పు పట్టదు, చెప్పినట్టు వంగుతుంది, ఆకురాయికి ఇట్టే లొంగుతుంది. ఫ్రెట్లు వేసేవాడికి ఇంకేం కావాలి?

గిటార్‌కు పాత చుట్టమైన లూట్ వాద్యాల కాలంలో ఈ గొడవే లేదు. పేగు తంతిని మెడ చుట్టూ ముడివేస్తే అదే ఫ్రెట్. అరిగితే వాయించేవాడే విప్పి కొత్తది కట్టుకునేవాడు. మెడలో లోహం దిగేసరికి అది వర్క్‌షాప్ పని అయిపోయింది. గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1934 ప్రాంతంలో పలక లాంటి పాత ఫ్రెట్లు మానేసి, అడ్డుకోత టీ అక్షరంలా ఉండే వైర్‌కు మారింది. కింది కాలును గాడిలోకి సుత్తితో దించితే దాని పక్కనున్న చిన్న ముళ్లు చెక్కను పట్టుకుంటాయి. నేటి ఫ్రెట్లూ ఎక్కువగా ఈ తరహావే.

ఎలక్ట్రిక్ గిటార్ వచ్చిన కొత్తలో తీగలు లావుగా ఉండేవి. మూడో తీగకు కూడా పైన చుట్టు ఉండేది. దాన్ని పక్కకు లాగి పూర్తి స్వరం పైకి తీసుకెళ్లడం మామూలు వేళ్ల వల్ల అయ్యే పని కాదు. కొందరు గిటారిస్టులు మొదటి తీగ స్థానంలో బాంజో తీగ వేసుకుని నెట్టుకొచ్చారు. 1962లో ఎర్నీ బాల్ అనే తీగల తయారీదారు స్లింకీ పేరుతో సన్నటి తీగల సెట్లు తెచ్చాక బెండింగ్ అందరికీ అందింది. ఫ్రెట్లకు కష్టకాలం అక్కడ మొదలైందని నా లెక్క. బెండ్ అంటే ఉక్కు తీగతో ఫ్రెట్‌ను అడ్డంగా రాయడమే కదా. వాయించే తీరు మారింది, తీగ మారింది, కింద లోహం మాత్రం చెంచాల కాలం నాటిదే. లావుపాటి, ఎత్తైన జంబో ఫ్రెట్లు వేస్తే అరగడానికి సరుకు ఎక్కువ ఉంటుంది, అంతే.

స్టెయిన్‌లెస్ స్టీల్ అప్పటికే ఉంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ దాన్ని పోతపోసింది 1913లో. మరి గిటార్ మెడ ఎక్కడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? ధ్వని నచ్చక అనుకుంటారు చాలామంది. అసలు అడ్డం పనిముట్ల దగ్గర వచ్చింది. వికర్స్ కొలతలో నికెల్ సిల్వర్ గట్టిదనం సుమారు 200 అయితే స్టెయిన్‌లెస్‌ది సుమారు 300. మామూలు కట్టర్ల పదును దీని మీద త్వరగా పోతుంది, ఆకురాయి జారుతుంది. వంచితే స్ప్రింగులా వెనక్కి లేస్తుంది కాబట్టి మెడ మీద వేళ్లు ఆడే పలక, అంటే ఫింగర్‌బోర్డ్ వంపుకు తగ్గట్టు ముందే వంచి ఉంచుకోవాలి. పాలిష్‌కు పట్టే టైమ్ వేరే. ఈ శ్రమ వర్క్‌షాప్‌ది, సుఖం వాయించేవాడిది. అలాంటి మార్పు త్వరగా ఎలా వస్తుంది?

1993లో వచ్చిన పార్కర్ ఫ్లై అనే గిటార్ ఈ చిక్కును తెలివిగా దాటేసింది. ఫ్రెట్‌కు కాలే తీసేసి, స్టెయిన్‌లెస్ ముక్కను కాంపోజిట్ ఫింగర్‌బోర్డ్ మీద నేరుగా అతికించారు. తర్వాత వజ్రపు పొడి పూసిన ఆకురాళ్లు వచ్చి చెక్క మెడల మీద పనిని తేలిక చేశాయి. సర్ (Suhr) లాంటి చిన్న గిటార్ తయారీదారులు స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు వాడారు. 2018లో ఐబనేజ్ ఏజెడ్ సిరీస్ వచ్చేసరికి పెద్ద కంపెనీల ఫ్యాక్టరీ గిటార్లలోనూ ఇవి కనిపించాయి.

ఇక ధ్వని గొడవ. స్టెయిన్‌లెస్ వేస్తే శబ్దం పదునెక్కుతుందంటారు. గుంటలు పడిన పాత ఫ్రెట్లు పీకి అద్దంలాంటి కొత్తవి వేసిన రోజున, అవి ఏ లోహమైనా గిటార్ ఖంగుమంటుంది. పోలిస్తే కొత్త నికెల్ సిల్వర్‌తో పోల్చాలి. ఆ తేడా తీగ మీటే పిక్ మార్చితే వచ్చే తేడా కన్నా తక్కువే అనిపించింది నాకు. తీగలు త్వరగా పోతాయన్న భయం కూడా ఎక్కువ చేసి చెప్పేదే. సన్నటి ఉక్కు తీగ స్టెయిన్‌లెస్ కన్నా కూడా గట్టిది. చేతికి తెలిసే తేడా మాత్రం ఉంది. బెండ్ చేస్తే తీగ నూనె రాసినట్టు జారుతుంది. కొందరికి ఆ జారుడే నచ్చదు.

అటూ ఇటూ కాకుండా ఈవో గోల్డ్ ఒకటుంది. రాగిలో తగరం, కొద్దిగా ఇనుము, టైటానియం కలిసిన బంగారు రంగు లోహం, మొదట కళ్లద్దాల ఫ్రేముల కోసం చేసింది. నికెల్ లేదు కాబట్టి నికెల్ పడనివాళ్లకు అదే దారి. గట్టిదనం రెండింటికీ మధ్యన.

గుంటలు పోవడానికి నా గిటార్ ఫ్రెట్లు రెండుసార్లు ఆకురాయి తిన్నాక, ఇంకోసారి రాస్తే ఫ్రెట్‌కు ఎత్తే మిగలదని రిపేరు చేసే ఆయన చెప్పేశాడు. స్టెయిన్‌లెస్ వేయమంటే ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు: మెడ వంపు సరిచేసి, వారం ఆగి, అది కదల్లేదని చూశాకే ఫ్రెట్లు దించుతానన్నాడు. ఒకసారి దించాక ఎత్తుపల్లాలు సరిచేయడం ఆయనకు ఒక పూట పని కాదు మరి.