గల్లా తగ్గింది, లాభం పెరిగింది

హన్మకొండలో మా వీధి చివర ఒక అక్క సాయంత్రం పూట సర్వపిండి అమ్ముతుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కారం కలిపి, సర్వ అనే గుండ్రటి గిన్నె అడుగుకూ గోడలకూ పల్చగా అద్దుతుంది. వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెడుతుంది. అడుగు ఎర్రగా కాలి, పైన మెత్తగా ఉన్నప్పుడే తీస్తుంది. ఆ ఒడుపు ఆమె చేతికే తెలుసు.

మొన్న వెళ్లేసరికి దిగులుగా ఉంది. సరుకుల ధరలు పెరిగాయని 20 రూపాయల సర్వపిండిని 25 చేసిందట.

"గిరాకీ ఖరాబైంది సార్. రోజుకు 80 పోయేటియి, ఇప్పుడు 60 పోతున్నయ్. గల్లాల వంద తక్కువొస్తున్నయ్. రేపటి సంది మళ్ల 20కే ఇస్త."

నేను లెక్కల టీచర్ని. ఆ మాట విని ఊరుకోలేకపోయాను. "ఒక్కటి చేయడానికి నీకెంత పడుతుంది అక్కా?" అని అడిగాను. పిండి, పల్లి, నూనె, గ్యాసు అన్నీ కలిపి 12 పడుతుందంది. (అంకెలను కాస్త గుండ్రం చేసి రాస్తున్నాను.)

పొట్లం కట్టే కాగితం మీదే లెక్క వేశాం. 20కి అమ్మినప్పుడు గల్లాలో 1600. అందులో ఖర్చు 960, మిగిలేది 640. 25కి అమ్మినప్పుడు గల్లాలో 1500. కానీ చేసినవి 60 మాత్రమే, ఖర్చు 720, మిగిలేది 780. గల్లాలో వంద తగ్గిన మాట నిజమే. ఇంటికి తీసుకుపోయేది మాత్రం 140 పెరిగింది. పైగా 20 సర్వపిండిలు చేసే కష్టం తప్పింది.

ఇక్కడిదాకా కూడికలూ తీసివేతలే. మరి 25 కాకుండా 30 పెడితే? 22 పెడితే? ఒక్కో ధర పెట్టి చూసుకుంటూ పోతే గిరాకీ చేజారుతుంది. బీజగణితం పనికొచ్చేది ఇక్కడే.

ధర 5 రూపాయలు పెరిగితే 20 తక్కువ అమ్ముడుపోయాయి. అంటే రూపాయికి 4 చొప్పున తగ్గుతున్నాయి. ఇదే తీరు సాగుతుందనుకుంటే:

గిరాకీ = 160 − 4 × ధర

ధర దగ్గర 20 వేస్తే 80, 25 వేస్తే 60 వస్తాయి. 40 వేస్తే సున్నా, ఆ ధరకు ఎవరూ కొనరు. ఇక మిగులు అంటే ఒక్కోదాని మీద మిగిలేదాన్ని గిరాకీతో గుణించడం. అంటే (ధర − 12) × (160 − 4 × ధర). 4ను బయటికి తీస్తే ఇలా ఉంటుంది:

మిగులు = 4 × (ధర − 12) × (40 − ధర)

రెండు బ్రాకెట్లనూ కూడి చూడండి. ధర ఎగిరిపోయి ఎప్పుడూ 28 వస్తుంది. రెండు సంఖ్యల మొత్తం మారనప్పుడు, ఆ రెండూ సమానమైనప్పుడే వాటి లబ్ధం అన్నిటికన్నా పెద్దది. కాబట్టి 14, 14. ధర 26, మిగులు 784. అంటే ఖర్చుకూ, ఎవరూ కొనని ధరకూ సరిగ్గా నడుమ ఉన్నదే మంచి ధర. పదో తరగతిలో వర్గ సమీకరణాలు చెప్పేటప్పుడు ఈ ఒక్క బండి కథ చెబితే చాలనిపిస్తుంది నాకు.

25 దగ్గరా 27 దగ్గరా మిగులు 780 చొప్పునే. ఒక్కో ధరకు వచ్చే మిగులును గీస్తే వచ్చే వంపు గీతే పరావలయం. దాని పై కొస దాదాపు చదునుగా ఉంటుంది, అక్కడ ఒక రూపాయి అటూ ఇటూ అయినా పోయేది నాలుగు రూపాయలే. 26 పెట్టి చిల్లర కోసం తంటాలు పడటం కన్నా 25 హాయి.

ధరకూ గిరాకీకీ ఉన్న సంబంధాన్ని ఇలా గణితంలోకి తెచ్చిన తొలివాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్స్‌కు చెందిన ఆంత్వాన్ కూర్నో, 1838లో. ఆయన తీసుకున్న ఉదాహరణ, మరెక్కడా దొరకని ఔషధ గుణమున్న నీటి ఊట. ఊటలో నీరు ఊరికే వస్తుంది, ఖర్చు సున్నా. అందుకే ఆ యజమాని గల్లా చూసుకుంటే చాలు, గల్లానే లాభం. అక్క కూడా గల్లానే చూసింది. పల్లీలు ఊరికే వచ్చి ఉంటే ఆమె మాటే నిజం, 20 రూపాయలే సరైన ధర.

గీత గీయడం సులువే, నమ్మడమే కష్టం. 20కి 80, 25కి 60 అని రెండు చుక్కలు పెడితే వాటి గుండా ఒక సరళ రేఖ పోకతప్పదు. ధర పెంచిన రోజే వాన పడి జనం రాకపోతే, వాన చేసిన పనిని ధర మీద వేస్తాం. ఒకే తీరున్న నాలుగైదు రోజులు చూడాలి. ఇక 40 రూపాయల దగ్గర నిజంగా సున్నానా అంటే, అది ఊహే. ఆ దరిదాపుల్లో ఆమె ఎప్పుడూ అమ్మలేదు.

రూపాయికి తగ్గే ఆ 4 కూడా అన్ని సరుకులకూ ఒకటి కాదు. మేడారం జాతరలో నిలువెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) మొక్కుకున్న 60 కిలోల మనిషి 60 కిలోల బెల్లమే తూయిస్తాడు. కిలోకు పది రూపాయలు పెరిగిందని 50 కిలోలతో సరిపెట్టడు. అక్కడ 4కు బదులు సున్నా ఉన్నట్టే, ధర పెంచేకొద్దీ మిగులు పెరుగుతూనే పోవాలి. అయినా పక్క దుకాణం ఉంది కాబట్టి ఒక్కడే ఇష్టమొచ్చినట్టు పెంచలేడు. మొక్కు మారదు కానీ, కొనే దుకాణం మారుతుంది. అక్క బండి పక్కన రేపు ఇంకో సర్వపిండి బండి వస్తే ఆమె 4 కూడా పెరుగుతుంది.

"నూనె, పల్లి ఇంకా పెరిగి ఒక్కోదానికి 16 పడితే?" అని అడిగింది. 16కూ 40కూ నడుమ 28. ఖర్చు నాలుగు పెరిగితే మంచి ధర పెరిగేది రెండే.

"మిగతా రెండు నేను మొయ్యాల్నా సార్?"

26కు మొత్తం నాలుగూ కలిపి 30 పెడితే 40 అమ్ముడుపోయి 560 మిగులుతాయి. 28 పెడితే 48 పోయి 576. కాగితం మీద ఆ రెండు అంకెలూ ఆమే కాసేపు చూసుకుంది. నూనె పెరిగినప్పుడు చూద్దాం, ఇప్పటికైతే 25కే ఇస్తానంది.