సర్వీస్ రోబో మిగిల్చిన సమయం ఎటు పోతోంది?

ఆస్పత్రికి, హోటల్‌కి, మాల్‌కి రోబో అమ్మడానికి వచ్చే ఏ కంపెనీ అయినా చెప్పే మాట ఒకటే: మీ సిబ్బంది సమయం మిగులుతుంది. ఈ మాటకు నలభై ఏళ్లు. దీన్ని మొదట వ్యాపారంగా మలిచినవారిలో ముఖ్యులు జోసెఫ్ ఎంగెల్‌బర్గర్. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో పనిలోకి దిగిన మొదటి పారిశ్రామిక రోబో యూనిమేట్ ఆయన కంపెనీ తయారుచేసిందే. ఆ కంపెనీని వెస్టింగ్‌హౌస్ కొనేశాక, 1984లో కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో ఆయన ఇంకో కంపెనీ మొదలుపెట్టారు. ఈసారి చూపు ఫ్యాక్టరీ మీద కాదు, ఆస్పత్రి మీద.

ఆస్పత్రి ఎందుకంటే అక్కడ చదువుకున్న సిబ్బంది సమయం బోలెడంత వరండాల్లోనే ఖర్చవుతుంది. ఫార్మసీ నుంచి మందు, ల్యాబ్‌కు శాంపిల్, వంటగది నుంచి ట్రే, ఫైళ్లు. ఆ కంపెనీ తయారుచేసిన హెల్ప్‌మేట్ 1988లో డాన్‌బరీ ఆస్పత్రిలో పని మొదలుపెట్టింది. అప్పటికి మనిషి లేకుండా నడిచే బళ్లు కొత్తేమీ కాదు. 1950ల్లోనే అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అలాంటివి గోదాముల్లో తిప్పింది. కాకపోతే అవి తీగ వెంట పోయే బళ్లు. దారి మార్చాలంటే తీగ మార్చాలి. హెల్ప్‌మేట్‌కు తీగ అక్కర్లేదు. భవనం ప్లాను దాని మెమరీలో ఉంటుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్లతో అడ్డు ఉన్నదీ లేనిదీ కనిపెడుతుంది, సీలింగ్ లైట్ల వరస చూసి తన దిశ సరిచేసుకుంటుంది, లిఫ్ట్‌ను తానే పిలుస్తుంది.

ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. రోబో వరండా నడక తీసుకుంది, రెండు చివరల పనీ మనిషికే మిగిలింది. ఫార్మసీలో ఎవరో మందు పెట్టి గమ్యం నొక్కాలి, వార్డులో ఎవరో వచ్చి తీసుకోవాలి. నర్సు పేషెంటు దగ్గర ఉంటే రోబో అలా నిలబడే ఉంటుంది. ఫార్మసీ నుంచి వార్డుకు 10 నిమిషాల నడక తప్పినా, రోబో 15 నిమిషాలు ఎదురుచూస్తే మందు ఆలస్యమైనట్టే. అందుకే ఇలాంటి రోబోలు అత్యవసరం కాని సరుకుకే, టైమ్‌టేబుల్ ప్రకారం తిరిగే సరుకుకే బాగా పనికొచ్చాయి.

నర్సుల సమయం గురించి తర్వాత వచ్చిన గట్టి లెక్క ఒకటుంది. అమెరికాలో 36 ఆస్పత్రుల్లో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రాతపనికి 35.3 శాతం, సమన్వయానికి 20.6, మందులివ్వడానికి 17.2, పేషెంటు సేవకు 19.3 శాతం సమయం పోతున్నట్టు తేలింది. పగటి షిఫ్టులో 10 గంటలకు నర్సు 1 నుంచి 5 మైళ్ల దాకా నడుస్తున్నారని కూడా అందులోనే ఉంది. అమ్మేవాళ్లు ఈ మైళ్ల అంకె మాత్రమే చూపిస్తారు. పెద్ద భాగం తినేస్తున్నది కాగితం, కంప్యూటర్. ట్రే మోసే రోబో దాన్ని ముట్టుకోదు.

రెండో మలుపు భవనాల వైపు నుంచి వచ్చింది. టోక్యోలో ఫుజి హెవీ ఇండస్ట్రీస్, సుమితోమో కలిసి ఆఫీసు టవర్ల కోసం చేసిన క్లీనింగ్ రోబో రాత్రిపూట కాంతి సంకేతాలతో లిఫ్ట్‌తో మాట్లాడి, అంతస్తు అంతస్తుకూ వెళ్లి వరండాలు శుభ్రం చేసేది. 2006లో జపాన్ ప్రభుత్వం మొదటిసారి ఇచ్చిన రోబో అవార్డుల్లో అగ్ర బహుమతి దానికే దక్కింది. మనిషిలా కనిపించే రోబోల దేశంలో చక్రాల మీది చీపురుకు ఆ బహుమతి రావడం న్యాయమే. అంతస్తు మారడానికి మనిషి అవసరమైతే ఒక్క రోబో వెంట ఒక్క మనిషి తిరగాలి. అప్పుడు మిగిలేది సున్నా. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2015 ఫిబ్రవరిలో తెరిచిన యూసీఎస్ఎఫ్ మిషన్ బే ఆస్పత్రి మొదటి రోజు నుంచే సరుకు మోసే 25 టగ్ రోబోలతో నడిచింది. పాత భవనంలో ఇదే పని చేయాలంటే లిఫ్ట్ కంట్రోలర్‌కు అదనపు బోర్డు, ఫైర్ డోర్లకు మోటార్లు, లిఫ్ట్ లోపల కూడా అందే వైఫై కావాలి. లిఫ్ట్ కంపెనీ అనుమతి లేకుండా కంట్రోలర్ ముట్టుకుంటే నిర్వహణ ఒప్పందమే చిక్కుల్లో పడుతుంది. రోబో కొటేషన్‌లో ఈ ఖర్చు తరచుగా కనబడదు.

2010 నుంచి ధరలు పడిపోయాయి. నీటో అనే ఇంటి వాక్యూమ్‌లోకి లేజర్ కిరణంతో దూరం కొలిచే చవక లైడార్ వచ్చింది, అదే ఏడాది చివర్లో దూరాలు కూడా పసిగట్టే 149.99 డాలర్ల కైనెక్ట్ కెమెరా వచ్చింది, విల్లో గ్యారేజ్ అనే రోబో పరిశోధన సంస్థ రోబోలను నడిపే ఆర్‌ఓఎస్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వదిలింది. ఆ సంస్థ నుంచి బయటికొచ్చినవాళ్లు పెట్టిన సావియోక్ 2014లో క్యుపర్టినోలోని అలాఫ్ట్ హోటల్లో, తర్వాత రిలే అనే పేరుతో వచ్చిన డెలివరీ రోబోను దించింది. టూత్‌బ్రష్, తువ్వాలు మోసుకెళ్లి గది ముందు ఆగుతుంది, గదికి ఫోన్ వెళ్తుంది, అతిథి తలుపు తీస్తే మూత తెరుచుకుంటుంది. రాత్రి రెండింటికి రిసెప్షన్‌లో ఒక్కరే ఉండే హోటల్‌కు ఇది నిజమైన ఊరట, డెస్క్ ఖాళీ అవదు కాబట్టి. పగలు పదిమంది ఉన్నచోట అదే రోబో అలంకారమే.

అలంకారం కథ వేరే ఉంది, దాన్ని క్లుప్తంగా చెబితే చాలు. 2015లో జపాన్‌లోని ససెబోలో తెరిచిన హెన్ నా హోటల్ తన 243 రోబోల్లో సగానికి పైగా పక్కన పెట్టినట్టు 2019 జనవరిలో వార్తలొచ్చాయి. గదిలోని బొమ్మ అతిథి గురకను ప్రశ్న అనుకుని నిద్ర లేపేది, రిసెప్షన్ రోబోలకు పాస్‌పోర్టు కాపీ తీయడం రాదు, సామాన్లు మోసేవి వానలో ఆగిపోయేవి. పని తగ్గకపోగా రోబోలను చూసుకునే పని సిబ్బంది నెత్తిన పడింది. 2017 నవంబర్‌లో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో మోదీకి, ఇవాంకా ట్రంప్‌కు స్వాగతం పలికిన మిత్ర రోబో మనవాళ్లకు ఇంకా గుర్తుంది. చూడముచ్చటైన దృశ్యమే, కానీ షిఫ్టులో ఎవరి పనీ అది తగ్గించదు.

నిజంగా లెక్క కుదిరింది నేల తుడిచే చోట. అమెరికా సూపర్‌మార్కెట్ల గొలుసు వాల్‌మార్ట్ 2018 చివర్లో తమంతట తామే నేల కడిగే 360 ఆటో స్క్రబ్బర్లు ప్రకటించి, 2019 ఏప్రిల్‌లో ఇంకో 1,500 చెప్పింది. షెల్ఫులు స్కాన్ చేసే రోబోల కోసం బోసా నోవా కంపెనీతో ఉన్న ఒప్పందాన్ని మాత్రం 2020లో రద్దు చేసుకుంది. స్క్రబ్బర్‌ను ఒకసారి మనిషి నడిపి దారి నేర్పిస్తే, తర్వాత అది అదే దారిలో తిరుగుతుంది.

బ్రోచర్ అంకెను మాత్రం విడగొట్టి చూడాలి. బ్రష్ వెడల్పు 50 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 1 మీటరు అయితే గంటకు 1,800 చదరపు మీటర్లు. కానీ గీతకూ గీతకూ 5 నుంచి 10 సెంటీమీటర్లు కలిపి పోవాలి, మలుపుల్లో నెమ్మదించాలి, మనిషి ఎదురైతే ఆగాలి, నీళ్లు అయిపోతే వెనక్కి రావాలి. చేతికి వచ్చేది సగం నుంచి మూడింట రెండొంతులు. నిమిషానికి ఒక లీటరు వాడే మెషీన్‌కు 50 లీటర్ల ట్యాంకు గంట కూడా రాదు. మెషీన్ తానే వెళ్లి నీళ్లు మార్చుకునే ఆటోమేటిక్ డాక్ లేకపోతే ప్రతిసారీ ఎవరో నింపాలి, మురికి నీళ్లు వదలాలి, ఫిల్టర్ కడగాలి. రోజు చివర వెనక వైపర్ రబ్బరు విప్పి వెంట్రుకలు, దారాలు తీయాలి. తీయకపోతే మర్నాడు నేల మీద నీటి చారలు, ఆ చారల మీద ఎవరో జారడం. ఫ్లోర్ క్లీనర్ ద్రవం అంచనాగా ఒక మూత ఎక్కువ పోస్తే మురికి ట్యాంకులో నురగ లేస్తుంది, నీటి మట్టం చూసే ఫ్లోట్ స్విచ్ ట్యాంకు నిండిందనుకుని మెషీన్‌ను ఆపేస్తుంది. రాత్రి రెండింటికి ఆగితే పొద్దున సూపర్‌వైజర్ వచ్చేదాకా అది అక్కడే. గోడ అంచులు, మెట్లు, టాయిలెట్లు ఎలాగూ చేతిపనే. అద్దాల గోడల్లోంచి లైడార్ కిరణం దూసుకుపోతుంది, కాబట్టి మ్యాప్‌లో అక్కడ నిషేధ గీత గీయాలి. మాల్‌లో పండక్కి స్టాల్ పెడితే ఆ గీతలన్నీ మళ్లీ.

రెస్టారెంట్లలో పెద్ద ప్రయోగం జపాన్ స్కైలార్క్ గొలుసుది. 2022 చివరికి దాదాపు 2,100 హోటళ్లలో 3,000 దాకా పిల్లి ముఖపు వడ్డన రోబోలు, బెల్లాబాట్లు పెట్టింది. ఒక్కో ట్రే 10 కిలోలు మోస్తుంది, నాలుగు ట్రేలు, దారి వెడల్పు కనీసం 70 సెంటీమీటర్లు కావాలి. వడ్డన కంటే ఎంగిలి ప్లేట్లు మోయడంలోనే ఇవి ఎక్కువ కలిసొస్తాయి. పళ్లేలన్నీ ఒక్క ట్రిప్పులో పోతాయి, చల్లారిపోయే బాధ లేదు, కస్టమర్ లేచి తీసుకోనక్కర్లేదు. మన భోజనం హోటళ్ల లెక్క ఇందులో ఇమడదు. పప్పు, సాంబారు, పెరుగు అంటూ ఒకే విస్తరికి పదిసార్లు వచ్చే వడ్డనను ట్రే మీద పంపలేం. వంటగది నుంచి సర్వీస్ కౌంటర్ దాకా గిన్నెలు చేర్చడానికైతే వాడొచ్చు, మధ్యలో రెండు సెంటీమీటర్ల గడప లేకపోతే.

మిగిలిన సమయం ఎవరి ఖాతాలో పడుతుందనేది చివరికి కాంట్రాక్టు తేలుస్తుంది. మన దగ్గర హౌస్‌కీపింగ్ టెండర్లు ఎక్కువగా తలల లెక్కన నడుస్తాయి: షిఫ్టుకు ఇంతమంది, తలకు ఇంత. అందులోకి రోబో దిగితే దారి రెండే. తల తగ్గించి బిల్లు తగ్గించడం, లేదా తలలు అలాగే ఉంచి రోబోను చార్జింగ్‌లో పెట్టి సందర్శకులు వచ్చినప్పుడు తిప్పడం. ఆదా అయిన 20 నిమిషాలు ముక్కలుగా వస్తాయి కాబట్టి, టాయిలెట్ల తనిఖీనో అద్దాల పనినో ఆ ముక్కల్లోకి ముందే రాసి పెట్టకపోతే షిఫ్టులో కలిసిపోతాయి. చదరపు అడుగుల లెక్కన, శుభ్రత స్కోరు లెక్కన టెండర్ వేసినచోట ఏజెన్సీయే ఆ రాతపని చేసుకుంటుంది. ట్రయల్ నెలలో అడగాల్సిన లాగ్ కూడా అందుకు తగ్గట్టే ఉండాలి: రోబో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కాదు, గంటకు ఎన్నిసార్లు మనిషిని పిలిచింది, పిలిచిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ మనిషి ఏ పని వదిలి వచ్చాడు.