కరెంటు రక్తం తాగుతుందా?

హైదరాబాద్ నల్లకుంటలో మా వీధికి వానాకాలం రెండు భయాలు తెస్తుంది: తడిసిన కరెంటు స్తంభం, డెంగ్యూ. మొన్న వాన వెలిశాక పక్కింటి పెద్దావిడ అడిగారు: "షాక్ కొడితే ఒంట్లో రక్తమంతా కరెంటు తాగేస్తుందటగా, నిజమేనా బాబూ?"

తాగదండీ, ఒక్క చుక్క కూడా. తడి ఒంటి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, వెయ్యి ఓమ్‌లకు పడిపోతే 230 వోల్టులకు 230 మిల్లీయాంపియర్లు పారతాయి. అందులో సగం కరెంటు ఒకటి రెండు సెకన్లు ఛాతీలోంచి పోయినా గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టవచ్చు. రక్తం కదలక మనిషి పాలిపోతాడు. ఆ నమ్మకం అక్కడే పుట్టి ఉంటుంది. బడిలో ఓమ్ సూత్రం బట్టీ పట్టిస్తాం, ఈ ఒక్క లెక్క మాత్రం చేయించం! హైవోల్టేజి వేడికి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం నిజమే, అది కాలిన గాయం కిందికి వస్తుంది.

నన్ను అబ్బురపరిచేది ఎర్ర రక్తకణం. రక్తంలో కరెంటును మోసేది ప్లాస్మాలోని, అంటే కణాలు తేలే ద్రవంలోని, ఉప్పు అయాన్లు (విద్యుదావేశం ఉన్న రేణువులు). కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర మాత్రం మన ఇంటి కరెంటును లోపలికి రానివ్వదు. అందుకే కణాలు ఎక్కువైతే రక్తం నిరోధం పెరుగుతుంది.

వాలెస్ కౌల్టర్ అనే అమెరికా ఇంజినీరు రక్తకణాలను లెక్కపెట్టే యంత్రానికి దీన్నే వాడుకున్నాడు. 1953లో పేటెంటు వచ్చింది. ఉప్పునీటిలో వెంట్రుక మందం రంధ్రం, దానిగుండా కరెంటు. దాన్ని బేగంబజార్‌లో ఇరుకు సందు అనుకోండి. జనం అయాన్లు. సామాను ఆటో దూరితే జనం ఆగిపోతారు, స్కూటర్ దూరితే కాస్త నెమ్మదిస్తారు. ఎంత ఆగారో చూసి ఏ బండి వచ్చిందో చెప్పేయొచ్చు. ఆటో ఎర్రకణం, దాదాపు 90 ఫెమ్టోలీటర్లు (ఫెమ్టోలీటరు అంటే లీటరులో అతి సూక్ష్మమైన భాగం). స్కూటర్ ప్లేట్‌లెట్, సుమారు 10. రెండు బండ్లు ఒకేసారి దూరితే ఒకటిగా లెక్కపడతాయి కాబట్టి రక్తాన్ని ముందే వేల రెట్లు పలచన చేస్తారు.

డెంగ్యూ వస్తే మనం టెన్షన్‌తో ఎదురుచూసే ప్లేట్‌లెట్ల అంకె చాలా ల్యాబుల్లో ఈ సందులోంచే వస్తుంది. ట్యూబులో నాలుగైదు స్కూటర్లు అతుక్కుపోతే యంత్రానికి ఆటోలా కనబడి, ప్లేట్‌లెట్లు ఉన్నా తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే డాక్టరు గాజుపలక మీద ఒక చుక్క రక్తం పరిచి, మైక్రోస్కోపు కింద కంటితో చూడమంటారు.