పేరు కొట్టేస్తే పేషెంట్ డేటా కాకుండా పోతుందా? మెడికల్ కోడింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అమెరికా ఆసుపత్రులకు హైదరాబాద్ నుంచి కోడింగ్ (చికిత్స వివరాలను బిల్లు కోసం కోడ్‌లుగా మార్చే పని), బిల్లింగ్ చేసే కంపెనీల్లో కంప్లయన్స్, అంటే రూల్స్ పాటిస్తున్నారా లేదా అన్నది చూస్తుంటాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "పేషెంట్ పేరు కొట్టేశాం కదా సార్, ఇంకేం ప్రాబ్లం?" నేను చూసినంతలో ఉద్యోగాలు పోయింది, క్లయింట్లు చేజారింది ఎక్కువగా ఈ నమ్మకం వల్లే.

అపోహ: పేరు తీసేస్తే అది పీహెచ్ఐ (చట్టం రక్షించే పేషెంట్ ఆరోగ్య సమాచారం) కాదు.

పేషెంట్ల సమాచారాన్ని కాపాడే అమెరికా చట్టం హిపా. అందులోని సేఫ్ హార్బర్ పద్ధతి ప్రకారం తీసేయాల్సిన వివరాలు 18 రకాలు. పేరు వాటిలో ఒకటి, అంతే. ఎంఆర్ఎన్ (పేషెంట్‌కి ఆసుపత్రి ఇచ్చే రికార్డు నంబర్), అకౌంట్ నంబర్, ఇన్సూరెన్స్ ఐడీ, ఫోన్, ఈమెయిల్, ముఖం కనిపించే ఫొటో అన్నీ పోవాలి. అందరూ మర్చిపోయేది తేదీలను. డీఓఎస్ (చికిత్స జరిగిన తేదీ), అడ్మిషన్, డిశ్చార్జ్, పుట్టిన తేదీ... వీటిలో సంవత్సరం ఒక్కటే ఉంచొచ్చు. వయసు 89 దాటితే అదీ ఉంచకూడదు, "90, ఆపైన" అని రాయాలి. రాష్ట్రం పేరు ఉండొచ్చు, ఊరి పేరు ఉండకూడదు.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 1990లలో మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పుడు ఎంఐటీలో చదువుతున్న లటాన్యా స్వీనీ ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, జిప్ కోడ్, ఆడా మగా అన్న మూడు వివరాలు పోల్చి, ఏకంగా గవర్నర్ విలియం వెల్డ్ రికార్డునే గుర్తుపట్టారు. 1990 జనాభా లెక్కల మీద ఆమె వేసిన అంచనా ప్రకారం అమెరికన్లలో 87 శాతం మందిని ఆ మూడు వివరాలే పట్టిస్తాయి.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి గుర్తొస్తోంది. వర్క్ ఫ్రం హోమ్. ఒక సర్జరీ నోట్‌లో ఏ మాడిఫైయర్ (కోడ్‌కి తగిలించే అదనపు గుర్తు) పెట్టాలో డౌట్ వచ్చింది. టీం లీడర్‌ని మళ్లీ అడగడానికి మొహమాటపడి, స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, పేరు మీద నల్లగా గీసి, కోచింగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పైన ఆసుపత్రి పేరు, డీఓఎస్, ఎంఆర్ఎన్ అలాగే ఉన్నాయి. "డిలీట్ చెయ్, జైలుకెళ్తావ్" అని గ్రూపులో ఎవరో బెదిరించారు. డిలీట్ చేసి, ఎవరికీ చెప్పకుండా రోజూ భయపడుతూ పనిచేసింది. ఆ ఫొటో వేరే దారిలో క్లయింట్ దాకా వెళ్లేసరికి ఆ అమ్మాయికి సాయపడటానికి నా చేతిలో పెద్దగా ఏమీ మిగల్లేదు. నాకు కోపం వచ్చింది ఆ జైలు పుకారు మీద.

హిపా చట్టంలో పదేళ్ల దాకా జైలు ఉన్న మాట నిజమే. అది డేటాను అమ్ముకోవాలని, లాభపడాలని, ఎవరికైనా హాని చేయాలని బయటపెట్టేవాళ్లకు. పొరపాటు జరిగినప్పుడు ముందు చేసేది రిస్క్ అసెస్‌మెంట్. ఏ వివరాలు బయటికెళ్లాయి, ఎవరికి చేరాయి, వాళ్లు నిజంగా చూశారా, నష్టాన్ని ఎంత తగ్గించగలిగాం అన్నవి అందులో చూస్తారు. గంటలో చెబితే వీటికి జవాబులు దొరుకుతాయి. నెల తర్వాత దొరకవు. పైగా అనవసర ఆలస్యం లేకుండా, ఎంత కాదన్నా 60 రోజుల్లోపు మన కంపెనీ క్లయింట్‌కి చెప్పి తీరాలి. బీఏఏలో (పేషెంట్ డేటా రక్షణ మీద పని ఇచ్చినవాళ్లతో చేసుకునే ఒప్పందం) గడువు ఇంకా తక్కువే ఉండొచ్చు. కాబట్టి టెన్షన్ పడుతూ దాచుకోకండి, ఆ రోజే చెప్పండి. డౌట్ అడగాలంటే చార్ట్ ఫొటో వద్దు, ప్రొసీజర్ ఏంటో మీ మాటల్లో టైప్ చేసి అడగండి. ఏఐ చాట్‌బాట్‌లో చార్ట్ పేస్ట్ చేసేవాళ్లకూ ఇదే మాట.

అపోహ: మన దేశంలో దీనికి చట్టం లేదు.

ఐటీ చట్టం సెక్షన్ 72ఏ ఎప్పటి నుంచో ఉంది. కాంట్రాక్టు పని మీద చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని దురుద్దేశంతో బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. 2023 నాటి డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) చట్టం విదేశీయుల డేటా మీద చేసే అవుట్‌సోర్సింగ్ పనికి చాలా మినహాయింపులిచ్చింది కానీ భద్రత విషయంలో ఇవ్వలేదు. అక్కడ తప్పితే జరిమానా 250 కోట్ల దాకా.

అపోహ: సర్వర్ అక్కడే ఉంది, మనం చూస్తున్నాం అంతే.

చూడటమూ యాక్సెసే. యూరప్ క్లయింటయితే ఇక్కడి నుంచి స్క్రీన్ మీద చూసినా డేటా దేశం దాటినట్టే లెక్క.

అపోహ: సబ్‌కాంట్రాక్ట్‌కి ఇచ్చేశాం, బాధ్యత వాళ్లదే.

2003లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్ ఆసుపత్రికి కరాచీ నుంచి ఒక ట్రాన్స్‌క్రైబర్ (డాక్టర్లు చెప్పింది విని టైప్ చేసే ఆమె) మెయిల్ పెట్టింది. తనకు రావాల్సిన డబ్బు ఇవ్వకపోతే పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని. పని చేతులు మారుతూ కరాచీ దాకా వెళ్లిందని ఆసుపత్రికి తెలిసిందే అప్పుడు. 2013 నుంచి హిపా కింద సబ్‌కాంట్రాక్టర్ కూడా నేరుగా జవాబుదారీ, అలాగని ఇచ్చినవాళ్ల బాధ్యత తీరిపోదు. చిన్న టీం పెట్టుకుని ఇంకో కంపెనీ దగ్గర పని తీసుకుంటున్నవాళ్లు మొదటి చార్ట్ తెరవకముందే మీ పేరు మీద బీఏఏ అడిగి సంతకం చేయించుకోండి.