గోజో దీవిలో స్కూబా: అపోహలు - వాస్తవాలు

మాల్టా పక్కనున్న గోజో దీవిలో డైవర్లను సముద్రంలోకి తీసుకెళ్లడం నా పని. వచ్చేవాళ్లు ముందు అడిగేది లోతు గురించే. ఇక్కడ ఎక్కువగా ఇబ్బందిపెట్టేది మాత్రం గట్టు.

అపోహ: మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు ఉండవు, చెరువులా ప్రశాంతంగా ఉంటుంది.

వాస్తవం: ఆటుపోట్లు జానెడుకు మించవు, నిజమే. కానీ గాలి సంగతి వేరు. గోజో పడమటి తీరాన ద్వేరా అనే చోట ఉన్న బ్లూ హోల్ సున్నపురాయిలో ఏర్పడ్డ గుంట, లోతు సుమారు 15 మీటర్లు, నీటి కింద దాని గోడలో ఉన్న కమాను గుండా బయటి సముద్రంలోకి వెళ్తాం. వెళ్లడం తేలికే. వాయవ్యం నుంచి గాలి లేచిందంటే మాత్రం అలలు ఒడ్డు మీద విరుచుకుపడుతుంటే, వీపున సిలిండరు, నడుముకు సీసం బరువులు పెట్టుకుని జారే రాళ్ల మీదకి ఎక్కాలి, మోకాళ్లు చీరుకుపోయేది అక్కడే. అందుకే దిగే ముందు కాసేపు నిలబడి అలల్ని చూస్తాం, ఎక్కే దారి నమ్మకంగా కనిపించకపోతే కారు దీవి అవతలి వైపుకు తిప్పేస్తాం. ఇంత దూరం వచ్చామని మొహం మాడ్చుకునేవాళ్లు ఉంటారు, మాడ్చుకోనివ్వండి.

అపోహ: సిలిండర్లో ఉండేది ఆక్సిజన్.

వాస్తవం: మామూలు గాలే, వడకట్టి కుక్కి నింపుతారు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో లోతుకు వెళ్తే మూర్ఛ వస్తుంది.

అపోహ: లోతులోనే ప్రమాదం, పైకి వచ్చేస్తుంటే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీద కంటే రెట్టింపు. అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టుకుని పైకి వస్తే అది రెండింతలవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు, ఆఖరి 10 మీటర్లు మరీ నెమ్మదిగా రావాలి.

అపోహ: నీళ్లు ఇంత తేటగా ఉన్నాయంటే లోతు కంటితోనే తెలిసిపోతుంది.

వాస్తవం: మాల్టాలో ఏడాదంతా పారే నదులు లేవు, బురద కొట్టుకురాదు, అందుకే ఆ తేట. చిక్కు కూడా దానితోనే. అడుగు దగ్గరగా కనిపిస్తుంటే 18 మీటర్ల వరకే అనుమతి ఉన్నవాళ్లు తెలియకుండానే ఇంకా కిందికి జారిపోతారు. కంటిని కాదు, చేతికున్న డైవ్ కంప్యూటర్‌ని నమ్మండి.

అపోహ: అజూర్ విండో అనే పెద్ద రాతి కమాను కూలిపోయింది కదా, ద్వేరాలో ఇంకేముంది?

వాస్తవం: 2017 మార్చి 8న గాలివానకు కూలింది. ఆ బండలు ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి, వాటి మధ్య ఈదొచ్చు. నాకైతే ఇదే నచ్చుతుంది.

ఇంకొకటి, తిరుగు ప్రయాణం రోజున డైవ్ పెట్టుకోవద్దు. వరుసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఆ రోజు గోజోలోని ముఖ్య పట్టణం విక్టోరియాలో కోట చూడండి.