తెలుగు వికీపీడియాలో సినిమా వ్యాసాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సినిమా పేజీలు వేలల్లో ఉన్నాయి. కొత్తగా చేరేవారిలో చాలామంది తొలి దిద్దుబాటు ఏదో ఒక సినిమా పేజీలోనే చేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కొన్నేళ్ళుగా ఈ పేజీలను దిద్దుతూ, ప్రతి వ్యాసానికీ జతగా ఉండే చర్చాపేజీల్లో అవే వాదనలకు అవే జవాబులు రాస్తూ వచ్చాక, ఆ జవాబులను ఒకచోట చేర్చిపెట్టాలనిపించింది.

అపోహ: తటస్థంగా రాయడమంటే నాలుగు పొగడ్తలకు నాలుగు విమర్శలు జతచేయడం.

వాస్తవం: నమ్మదగిన మూలాల్లో ఏ అభిప్రాయానికి ఎంత చోటు దక్కిందో, వ్యాసంలోనూ దానికి దాదాపు అంతే చోటివ్వడాన్ని తటస్థ దృక్కోణం అంటారు. 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ గురించి విమర్శకులూ సినిమా చరిత్రకారులూ ఎక్కువగా మెచ్చుకుంటూనే రాశారు కాబట్టి ఆ పేజీలో మెప్పు ఎక్కువగా కనిపిస్తే తప్పులేదు. సమతూకం పేరుతో ఎక్కడో ఒకరు విరిచిన పెదవిని వెతికి తెచ్చి సగం పేజీ కేటాయిస్తేనే తప్పు. అయితే ఆ మెప్పు ఎవరిదో, ఎక్కడ అన్నారో చెప్పి తీరాలి, ఎందుకంటే ఒకరిని మెచ్చుకోవడానికి వికీపీడియాకు సొంత నోరు లేదు.

ఒక పేజీలో నాకు ఎదురైన వాక్యం ఇది: "భారీ అంచనాల నడుమ విడుదలైన ఈ చిత్రం అన్ని వర్గాల ప్రేక్షకులనూ అలరించి ఘనవిజయం సాధించింది." అంచనాలు భారీవని ఎవరన్నారు, అన్ని వర్గాలనూ ఎవరు లెక్కపెట్టారు, ఘనవిజయానికి కొలబద్ద ఏమిటి అని చూద్దామని మూలం తెరిస్తే, అది సినిమా విడుదలకు రెండు రోజుల ముందు అచ్చయిన వార్త. ఆ వాక్యంలో చివరికి నిలిచింది "విడుదలైన" అన్న ఒక్క మాటే. దానికీ తేదీ వేరేచోట వెతుక్కోవలసి వచ్చింది.

అపోహ: పత్రికలో వచ్చిందంటే అది నమ్మదగిన మూలమే.

వాస్తవం: ఒకే పత్రికలో ఒకే రోజున సమీక్ష, దర్శకుడి ముఖాముఖి, నిర్మాణ సంస్థ పంపిన ప్రకటన, డబ్బిచ్చి వేయించుకున్న అడ్వర్టయిజ్‌మెంటు పక్కపక్కనే ఉంటాయి. సమీక్ష స్వతంత్రమైనది, ముఖాముఖిలోని మాటలు దర్శకుడివి కాబట్టి వాటిని ఆయన పేరుతోనే రాయాలి, మిగతా రెంటితో విజయాన్ని నిరూపించలేం. అయిదు సైట్లలో అదే వాక్యం కామాలతో సహా కనిపిస్తే అయిదు మూలాలు దొరికాయని సంబరపడకూడదు, ఆ అయిదింటికీ చేరిన ప్రకటన ఒక్కటే అయి ఉంటుంది. పాత సినిమాలకూ ఈ చిక్కు తప్పదు. విజయచిత్ర అనే సినిమా పత్రికను నడిపింది సినీ నిర్మాణ సంస్థ విజయా అధిపతులే కాబట్టి, ఆ సంస్థ సినిమాల షూటింగు విశేషాలకు అది విలువైన మూలమే అయినా, అవి ఎంత బాగా ఆడాయన్న విషయంలో మాత్రం దాన్ని ఇంటివారి మాటగానే తీసుకోవాలి. అలాగే థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు పాటల పల్లవులకూ, రచయితల, గాయకుల పేర్లకూ బంగారు గనులు. కథకు మాత్రం అక్కరకు రావు, సరిగ్గా మలుపు దగ్గరికి వచ్చేసరికి "మిగతా కథ వెండితెరపై చూడండి" అంటాయి. సినిమా వివరాల వెబ్‌సైటు ఐఎండీబీలో వివరాలు చాలావరకు వాడుకరులు చేర్చేవే గనుక దాన్ని మూలంగా చూపడం కుదరదు.

అపోహ: అందరూ అదే తేదీ చెబుతున్నప్పుడు మళ్ళీ మూలం ఎందుకు?

వాస్తవం: తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి, సభలు జరిగాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ రికార్డులూ వెతికి, ఆ సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ 1932 జనవరి 22న వచ్చిందనీ, బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందనీ ఆధారాలతో చూపించారు. తేదీ మారితే వరుస కూడా మారిపోతుంది: భక్త ప్రహ్లాద తీసిన హెచ్.ఎం. రెడ్డే తీసిన, తమిళ, తెలుగు మాటలు కలిసిన కాళిదాస్ 1931 అక్టోబరు 31న వచ్చింది కాబట్టి, పాత లెక్కలో దానికి ముందున్న భక్త ప్రహ్లాద కొత్త లెక్కలో దాని వెనక్కి వెళ్తుంది. ఇలాంటి చోట వ్యాసం సెన్సారు ఆధారమున్న తేదీని ముందు చెప్పి, సెప్టెంబరు తేదీ చాలాకాలం ప్రచారంలో ఉందన్న సంగతిని ఆ తర్వాత చెప్పాలి. పాత తేదీని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తే, పాత పుస్తకం చదివిన మరొకరు వచ్చి మళ్ళీ దాన్నే చేరుస్తారు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఆ సెన్సారు రికార్డు జయదేవకు కాక నాకే దొరికి ఉంటే, నేను దాన్ని నేరుగా వికీపీడియాలో రాసి పాత తేదీ తప్పని తేల్చే వీలుండేది కాదు. మౌలిక పరిశోధనకు, అంటే బయట ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధనకు, అక్కడ చోటులేదు. ముందు అది బయట, సంపాదకుడి కన్నుపడే చోట అచ్చవాలి.

చేరిన కొత్తలో నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఒక పాత సినిమా విడుదల తేదీని జ్ఞాపకం మీద, మూలం లేకుండా రాశాను, సహాయనటుడి పేరులో ఒక అక్షరం కూడా తప్పు రాశాను. కొన్నాళ్ళకు ఒక ఆదివారం అనుబంధంలో అదే తేదీ, అదే అక్షరదోషంతో ఆ నటుడి పేరు అచ్చయ్యాయి. ఆ తర్వాత ఒకరు మంచి ఉద్దేశంతోనే ఆ వ్యాసాన్ని నా తేదీకి మూలంగా చేర్చారు. ఆ అక్షరదోషమే లేకపోతే నా తప్పు తిరిగి నా దగ్గరికే మూలమై వచ్చిందని నేను కూడా గుర్తుపట్టేవాణ్ణి కాను.

అపోహ: వసూళ్ళ అంకె పోస్టరు మీదే ఉంది, ఇక వివాదమేముంది?

వాస్తవం: మన దేశంలో ప్రతి సినిమా టికెట్ల రాబడినీ తనిఖీ చేసి ప్రకటించే వ్యవస్థ లేదు. చెలామణిలో ఉన్నవన్నీ నిర్మాతల ప్రకటనలు, లేదా ట్రేడు వర్గాల అంచనాలు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. పన్నూ థియేటరు అద్దే పోగా పంపిణీదారుకు మిగిలేది షేర్. ఒక హీరో గ్రాస్‌ను ఇంకో హీరో షేర్‌తో పోల్చి సమాచారపెట్టెలో (వ్యాసం పక్కనుండే వివరాల పట్టికలో) రోజుకు నాలుగుసార్లు అంకెలు మార్చుకునే అభిమానులను ఆపడానికి పేజీకి తాళం వేయవలసి వచ్చిన సందర్భాలున్నాయి. అంకె ఎవరిదో, గ్రాసో షేరో, ఎన్నాళ్ళదో చెప్పాలి. అంచనాలు వేరువేరుగా ఉంటే కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వాలి. శతదినోత్సవాలకూ ఇదే వర్తిస్తుంది: నేరుగా ఒకే థియేటర్లో ఆడిన వంద రోజులనూ, థియేటర్లు మారుస్తూ షిఫ్టింగుల మీద లాగిన వంద రోజులనూ ఒకే వరుసలో కూర్చోబెట్టకూడదు.

అపోహ: "తొలి", "ఏకైక" అన్న మాటలు వ్యాసానికి అందం.

వాస్తవం: మూలం లేకపోతే అవి పుండ్లు. 1963 నాటి లవకుశను తొలి పూర్తి నిడివి రంగుల తెలుగు చిత్రం అంటారు. "పూర్తి నిడివి" తీసేస్తే వాక్యం అబద్ధమైపోతుంది, ఎందుకంటే అంతకుముందే కొన్ని సినిమాల్లో కొంత భాగం రంగుల్లో వచ్చింది. అలాగే ఆర్ఆర్ఆర్‌ను ఆస్కార్ గెలిచిన తొలి తెలుగు సినిమా అని రాసేస్తే కుదరదు: 2023లో ఆస్కార్ గెలిచింది అందులోని "నాటు నాటు" పాట, అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. ఆ ఏడాది భారతదేశం అధికారికంగా పంపిన చిత్రం గుజరాతీలో తీసిన ఛెల్లో షో.

అపోహ: కథకు కూడా మూలం చూపాలి, ముగింపు దాచాలి.

వాస్తవం: రెండూ అక్కర్లేదు. కథకు సినిమానే మూలం. పాత్ర దేనికి ప్రతీక అన్నది మాత్రం రాయాలంటే విమర్శకుడు రాసిన మూలం కావాలి.

అపోహ: ఆ సినిమాకు పనిచేసినవాణ్ణి, నాకంటే ఎవరికి తెలుసు?

వాస్తవం: తెలిసి ఉండవచ్చు, అయినా పేజీని స్వయంగా దిద్దకుండా చర్చాపేజీలో అడగడమే పద్ధతి, డబ్బు తీసుకుని రాస్తుంటే ఆ సంగతి వెల్లడించాలని వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. ఒకసారి ఒక పెద్దాయన, తాను సహాయ దర్శకుడిగా చేసిన సినిమా పేజీలో తన పేరు లేదనీ, టైటిల్స్‌లో కళాదర్శకుడి పేరు తర్వాత చూడమనీ చర్చాపేజీలో రాశారు. ఆయన చెప్పినచోట సినిమా ఆపి చూశాను. మసకబారిన ప్రింటులో, ఆరు పేర్ల వరుసలో అడుగున, ఆయన పేరుంది. టైటిల్ కార్డునే మూలంగా చూపి ఆ రోజే చేర్చాను.