దెయ్యం ఆఖర్న వచ్చింది: ‘బీయింగ్ హ్యూమన్’ సీరియల్ వెనకటి కథ

ఒక రక్తపిశాచి, ఒక తోడేలు మనిషి, ఒక దెయ్యం కలిసి ఒకే ఇంట్లో ఉంటారు. ‘బీయింగ్ హ్యూమన్’ కథ ఏమిటని అడిగితే ఎవరైనా ఇదే చెప్తారు. వినగానే ఇదేదో కామెడీ అనుకుంటాం. కానీ బీబీసీ త్రీ ఛానల్‌లో 2009 నుంచి 2013 దాకా వచ్చిన ఈ సీరియల్ మొదట పుట్టినప్పుడు ఇందులో పిశాచీ లేదు, దెయ్యమూ లేదు.

టచ్‌పేపర్ అనే నిర్మాణ సంస్థ రచయిత టోబీ విట్‌హౌస్ దగ్గరికి తెచ్చిన ఐడియా చాలా మామూలుది. యూనివర్సిటీ స్నేహితులు ముగ్గురు కలిసి ఒక ఇల్లు కొనుక్కుంటారు, అంతే. విట్‌హౌస్ ఆ ముగ్గురినీ తయారుచేసుకున్నాడు. జార్జి కోపం కట్టలు తెంచుకుంటుందేమోనని బతుకంతా పద్ధతిగా సర్దుకుని కూర్చునే మనిషి. మిచెల్ ఒక వ్యసనం నుంచి బయటపడాలని తంటాలు పడుతుంటాడు. యానీకి తన మీద తనకే నమ్మకం లేదు, గడప దాటాలంటే భయం. మనుషులు కుదిరారు గానీ కథే కదలలేదు. ఇక పక్కన పెట్టేద్దామా అనుకుంటున్న దశలో, ఒక మీటింగులో, జార్జిని తోడేలు మనిషిని చేస్తే ఎలా ఉంటుందన్న మాట వచ్చింది. జార్జి తోడేలైతే మిచెల్ రక్తపిశాచి కాక ఇంకేమవుతాడు? ఇల్లు కదలని యానీ దెయ్యమైపోయింది.

ఈ సీరియల్ గురించి నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. ముందు భూతాలను అనుకుని తర్వాత వాటికి మనుషుల కష్టాలు తగిలించలేదు. మనుషుల కష్టాలే ముందున్నాయి, కోరలూ గోళ్లూ ఆఖర్న వచ్చాయి. ఆ తర్వాత నటులు మారినా, ఊరు మారినా కథ నిలబడిందంటే ఆ వరస వల్లేనని నా నమ్మకం.

ఆ మొదటి ఐడియా కూడా గాల్లోంచి ఊడిపడింది కాదు. 1990ల చివర్నుంచి ఓ పదేళ్లపాటు బ్రిటన్‌లో ఇళ్ల ధరలు విపరీతంగా పెరిగాయి. ఉద్యోగం ఉన్న కుర్రాళ్లకు కూడా సొంతంగా ఇల్లు అందని పరిస్థితి. నలుగురూ కలిసి కొనడమో, కలిసి అద్దెకుండటమో చెయ్యక తప్పలేదు. మాస్టర్స్ చేయడానికి ఆ దేశం వెళ్లిన మన తెలుగు పిల్లలకు ఆ ఇళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇరుకు మెట్లు, అందరికీ ఒకే వంటగది, ఫ్రిజ్‌లో అరలు పంచుకోవడం.

ఇక భూతాల వైపు చరిత్ర. 1897లో వచ్చిన ‘డ్రాకులా’ నవలలో పిశాచి ఒక ప్రభువు, దూరంగా కోటలో ఉంటాడు. 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’ సినిమాతో తోడేలు మనిషి అంటే తన గతికి తనే కుమిలిపోయేవాడన్న ముద్ర పడింది. 1964లో అమెరికన్ టీవీ ఒక్క నెలలోనే రెండు భూతాల కుటుంబాలను నట్టింట కూర్చోబెట్టింది: ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’, ‘ది మన్‌స్టర్స్’. అవి నవ్వించడానికి. చేసిన పాపానికి బాధపడే పిశాచి టీవీకి ఎక్కింది మాత్రం ‘డార్క్ షాడోస్’ అనే మధ్యాహ్నపు సీరియల్‌తో, 1967లో. 1981లో వచ్చిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ సినిమా తోడేలును ఒక నర్సు ఫ్లాట్‌లోకి తెచ్చి, నవ్వునూ నొప్పినీ ఒకే సీన్లో పెట్టింది. ‘బీయింగ్ హ్యూమన్’కు అసలు దగ్గరి చుట్టం ఇదేననిపిస్తుంది. పిశాచి ప్రేమకథ ‘ట్విలైట్’ గాలి వీచింది కాబట్టే ఇది వచ్చిందని కొందరు అంటారు. ‘ట్విలైట్’ నవల 2005లోనే వచ్చిన మాట నిజమే. కానీ ఆ సినిమా 2008 నవంబరులో, ‘ట్రూ బ్లడ్’ సీరియల్ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. ‘బీయింగ్ హ్యూమన్’ పైలట్, అంటే సిరీస్‌కు ముందు ప్రయోగంగా తీసే ఎపిసోడ్, అప్పటికే ఆ ఏడాది ఫిబ్రవరి 18న ప్రసారమైపోయింది.

ఆ పైలట్ కథ కూడా తిన్నగా నడవలేదు. బీబీసీ త్రీ 2003లో కుర్రకారు కోసం మొదలైన ఛానల్. 2008 ఫిబ్రవరిలో కొత్త రూపంతో ముందుకొస్తూ ఆరు డ్రామా పైలట్లు తీయించింది. వాటిలో పెద్దగా ప్రచారం జరిగింది ‘ఫూ యాక్షన్’ అనే కామిక్ తరహా కథకు. దాన్ని సిరీస్‌గా తీస్తామని కూడా ప్రకటించారు. ‘బీయింగ్ హ్యూమన్’ పైలట్ చూసినవాళ్లు ఊరుకోలేదు, సిరీస్ కావాలంటూ ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. చివరికి ‘ఫూ యాక్షన్’ ఆగిపోయింది, ఇది నిలిచింది.

కానీ పైలట్‌లో ఉన్న ముగ్గురిలో సిరీస్‌కు మిగిలింది ఒక్కడే, జార్జిగా వేసిన రస్సెల్ టోవీ. మిచెల్‌గా గై ఫ్లానగన్ స్థానంలో ఐడన్ టర్నర్, యానీగా ఆండ్రియా రైజ్‌బరో స్థానంలో లెనోరా క్రిచ్లో వచ్చారు. నన్నడిగితే వీటికన్నా పెద్ద మార్పు విలన్ హెరిక్‌ది. పైలట్‌లో ఏడ్రియన్ లెస్టర్ ఆ పాత్రను ఠీవిగా, పిశాచుల దొరలా చేశాడు. సిరీస్‌లో జేసన్ వాట్కిన్స్ వేసిన హెరిక్ యూనిఫాం వేసుకుని నవ్వుతూ పలకరించే పోలీసు. వీధి చివర రోజూ కనిపించేలాంటి మనిషి. భయం రెట్టింపైంది.

2009 జనవరి 25న మొదలైన మొదటి సిరీస్ (అంటే మొదటి సీజన్) ఆరే ఎపిసోడ్లు. బ్రిస్టల్‌లోని టాటర్‌డౌన్ పేటలో, ఏటవాలు వీధి మూలన ఉన్న గులాబీ రంగు ఇల్లు. పిశాచీ తోడేలూ ఇద్దరూ ఆస్పత్రిలో వార్డుబాయ్‌లు. వీళ్లకు అద్దెకిచ్చిన ఇంటి ఓనరు ఓవెన్, యానీకి కాబోయే భర్త. ఆమెను మెట్ల మీంచి తోసింది అతనే. ఆ సంగతి ఆమెకు మెల్లగా గుర్తొస్తుంది. ఈలోగా యానీ చేసే పని టీ పెట్టడం. తను తాగలేదు, అయినా పెడుతూనే ఉంటుంది. ఎక్కడ చూసినా తాగేవాళ్లు లేక చల్లారిపోయిన టీ కప్పులే. చనిపోయిన అమ్మాయి ఇల్లాలిగా ఉండాలని పడే ఆరాటం అంతా ఆ కప్పుల్లో ఉంది. దాని గురించి ఎవరూ పొడుగాటి డైలాగు చెప్పరు.

నాలుగో ఎపిసోడ్‌కు బ్రిటన్ చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. మిచెల్ పక్కింటి కుర్రాడితో స్నేహంగా ఉంటాడు. పొరపాటున ఆ పిల్లాడి చేతికి చూడకూడని డీవీడీ వెళ్తుంది. వీధి వీధంతా మిచెల్ పిల్లలను పాడుచేసేవాడని నమ్మి ఇంటి మీదికొస్తుంది. గోడ మీద రాతలు, తిట్లు. రక్తపిశాచిని జనం వెంటాడటం పాత కథే గానీ ఇక్కడ వెంటాడుతున్న కారణం వేరు. 2000 ఆగస్టులో, ఒక చిన్నారి హత్య తర్వాత ఒక పత్రిక లైంగిక నేరస్తుల పేర్లూ ఫొటోలూ అచ్చేసినప్పుడు, పోర్ట్స్‌మత్‌లోని పాల్స్‌గ్రోవ్ కాలనీలో జనం రాత్రుల తరబడి ఇళ్ల మీద పడ్డారు. ఏ తప్పూ చేయనివాళ్లు కూడా ఇళ్లు వదిలి పారిపోయారు. ఆ గొడవ గుర్తున్న ప్రేక్షకుడికి ఈ ఎపిసోడ్‌లో భూతం ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

రెండో సిరీస్ (2010) ఇంకా చీకటిది. బ్రిస్టల్ వైపు వెళ్లే రైలు మార్గంలో బాక్స్ టన్నెల్ అని ఒకటుంది, 1841లో తెరిచిన నిజమైన సొరంగం. అక్కడ మిచెల్, తోడు ఇంకో పిశాచితో కలిసి, ఒక బోగీలోని ఇరవై మందిని చంపేస్తాడు. అప్పటిదాకా మనం ముద్దుగా చూసిన వ్యసనపరుడు అతను. ఇక్కడే రచయిత తెగువ కనిపిస్తుంది. ఇలాంటి కథల్లో సాధారణంగా హీరో పిశాచి చేసిన హత్యలు వందేళ్ల కిందటివై ఉంటాయి, చచ్చినవాళ్ల మొహాలు మనకు తెలియవు కాబట్టి క్షమించేస్తాం. ఈ ఇరవై మంది గురించి మాత్రం పేపర్లలో వస్తుంది, పోలీసులు వెతుకుతారు. మూడో సిరీస్ అంతా ఆ లెక్క తేల్చుకోవడానికే సరిపోయింది. చివరికి మిచెల్ తనను చంపమని జార్జినే అడుగుతాడు, జార్జి ఆ పని చేస్తాడు.

ఈలోగా ఇల్లు మారింది. కథలో వాళ్లు బ్రిస్టల్ వదిలి పారిపోతారు, వేల్స్‌లోని బ్యారీలో మూతపడ్డ ‘హోనొలులు హైట్స్’ అనే లాడ్జిలో చేరతారు. తెర వెనక కారణం ఇంకా లౌకికమైంది. బీబీసీ తన డ్రామాల నిర్మాణాన్ని వేల్స్‌కు తరలిస్తున్న రోజులవి. 1986 నుంచి బ్రిస్టల్‌లో తీస్తున్న ‘క్యాజువల్టీ’ సీరియల్‌ను కూడా 2011లో కార్డిఫ్‌కు మార్చేశారు.

ఆ తర్వాత నటులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. టర్నర్ ‘ది హాబిట్’ సినిమాలకు వెళ్లాడు. నాలుగో సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే జార్జి చనిపోయాడు. ఆ సిరీస్ చివర్లో యానీ కూడా వెళ్లిపోయింది. ఐదో సిరీస్ నాటికి ఇంట్లో ఉన్నది హాల్, టామ్, అలెక్స్. మళ్లీ ఒక పిశాచి, ఒక తోడేలు, ఒక దెయ్యం. మొదటి ముగ్గురూ లేని ఇంటికి ఇంకెందుకు వెళ్లాలని చాలామంది అక్కడే మానేశారు. వాళ్లను తప్పు పట్టను గానీ, చేతులు శుభ్రంగా ఉంచుకుంటూ వస్తువులను వరసగా పేర్చుకునే హాల్‌ను వాళ్లు చూడలేదు. వందల ఏళ్ల హంతకుడు మళ్లీ జారిపోకుండా రోజువారీ క్రమాన్ని పట్టుకుని వేలాడటం, విట్‌హౌస్ మొదట రాసుకున్న జార్జి మనస్తత్వానికి చాలా దగ్గర.

అమెరికన్ రీమేక్ సైఫై ఛానల్‌లో 2011 జనవరి 17న మొదలైంది, బ్రిటిష్ మూడో సిరీస్‌కు ఆరు రోజుల ముందు. కథ బోస్టన్‌లో, షూటింగ్ కెనడాలోని మాంట్రియల్‌లో. దెయ్యం శాలీ మాలిక్‌గా వేసింది, తల్లి వైపు నుంచి గోవా మూలాలున్న మేఘన్ రాత్. మొదట్లో బ్రిటిష్ కథనే నకలు చేసినా త్వరలోనే సొంత దారి పట్టి, 2014 దాకా 52 ఎపిసోడ్లు నడిచింది. పైలట్ కాకుండా బ్రిటిష్ సీరియల్‌వి మొత్తం 36.

బ్రిటిష్ కథ 2013 మార్చి 10న ముగిసింది. హాల్, టామ్, అలెక్స్ నిజంగా మనుషులయ్యారా, లేక అది ఐదో సిరీస్ విలన్ సైతాను చూపించిన ఇంకో భ్రమా అన్న అనుమానం ఉంచే వదిలేశారు. తర్వాత బీబీసీ త్రీ కూడా 2016లో టీవీ నుంచి తప్పుకుని ఆన్‌లైన్‌కు పరిమితమైంది, 2022లో గానీ తిరిగి రాలేదు. దెయ్యాలతో కాపురం మాత్రం ఆగలేదు. 2019లో బీబీసీ వన్ ‘గోస్ట్స్’ మొదలుపెట్టింది. ఈసారి యువ దంపతులకు వారసత్వంగా పెద్ద బంగళా వస్తుంది, దాన్ని హోటల్ చేద్దామంటే అందులో దెయ్యాల గుంపు. దాన్నీ అమెరికావాళ్లు 2021లో తమ సీబీఎస్ ఛానల్‌కు తీసుకున్నారు.